గీజర్ వేస్తే ఇల్లంతా చీకటి: నా అనుభవం

తిరుపతిలో సొంతిల్లు ఉందంటే చుట్టాల లెక్కలో కొండ కింద వాళ్ళకో సత్రం ఉన్నట్టే. ధనుర్మాసం వచ్చిందంటే ఇక చెప్పే పనే లేదు. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ నెల్లాళ్ళూ, అందులోనూ వైకుంఠ ద్వారం తెరిచే పది రోజులూ, బైరాగిపట్టెడలోని మా ఇంట్లో తెల్లవారుజామున మూడింటికే బాత్రూమ్ ముందు వరస మొదలవుతుంది. ఒకరు దర్శనం టికెట్ టైము చూసుకుంటుంటారు, ఇంకొకరు అలిపిరి మెట్లెక్కాలని కాళ్ళకు నూనె రాసుకుంటుంటారు. అందరూ నన్ను అడిగేది మాత్రం ఒకటే: "నీళ్ళు కాగినాయా అమ్మీ?"

ఇంతమందికీ ఉన్నది ఒకే ఒక్క 25 లీటర్ల గీజర్. మా ఆయనది శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ, తెల్లారుజామున ఇంట్లో ఉండేది తక్కువ. అందుకని స్విచ్ దగ్గర్నుంచి మెకానిక్ దాకా ఆ గీజర్ వ్యవహారం అంతా నా నెత్తినే పడింది. మొన్నటి ధనుర్మాసంలో అది పెట్టిన తిప్పలు, అందులో నేను చూసుకున్నవెన్ని, మెకానిక్‌కి వదిలేసినవెన్ని అన్నది రాస్తున్నాను.

మొదట వచ్చిన కంప్లయింట్ నీళ్ళు గోరువెచ్చగా వస్తున్నాయని. దీనికి మూత విప్పే పనేమీ లేదు. లెక్క కాస్త తెలిస్తే చాలు. 25 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావాలంటే దాదాపు ఒక యూనిట్ కరెంటు పడుతుంది. మా గీజర్‌లో ఉన్నది 2000 వాట్ల ఎలిమెంటు (నీళ్ళని కాచే కడ్డీ) కాబట్టి అరగంట. అంటే ఒకరు బకెట్లు నింపుకుని బయటికి వచ్చాక, వెనకాలే లోపలికి పోయినవాళ్ళకు వేడినీళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి? మా అత్త ఇది ఒప్పుకోదు. "దీనికంటే ఆ పాత రాగి బాయిలరే మేలు, కట్టెలు ఎగదోసే కొద్దీ నీళ్ళు కాగుతానే ఉండేవి" అంటుంది. ఆమె మాట అబద్ధమేమీ కాదు, కట్టెలు ఎగదోసే మనుషులే ఇప్పుడు లేరు.

అయితే అరగంట ఆగినా నీళ్ళు సరిగ్గా కాగని రోజులున్నాయి. అప్పుడు ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద చూస్తే వోల్టేజ్ 185 దగ్గర ఆడుతోంది. వోల్టేజ్ తగ్గితే ఎలిమెంటు వేడి అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. 230 దగ్గర 2000 వాట్లు ఇచ్చేది 185 దగ్గర 1300 కూడా సరిగ్గా ఇవ్వదు. అరగంట పని ముప్పావుగంట దాటుతుంది. వీధి వీధంతా ఒకే టైముకి గీజర్లు వేసుకునే నెల కదా. నేను రెండున్నరకే లేచి ఒకసారి కాచేసి ఉంచడం మొదలుపెట్టాక ఆ గొడవ చాలావరకు తగ్గింది. గీజర్‌లో నీళ్ళ ట్యాంకు చుట్టూ మందంగా ఫోమ్ ఉంటుంది కాబట్టి కాగిన నీళ్ళు గంటలోపు చల్లారవు.

రెండోది ఎవరికీ తట్టనిది. గోడ మీద వేడి, చల్ల రెండు నాబ్‌లూ తెరిచేసి, చేతి షవర్ దగ్గర మాత్రం నొక్కి ఆపేసి వస్తారు చుట్టాలు. అప్పుడు ఆ రెండు పైపులూ లోపల్లోపల కలిసిపోతాయి. చన్నీళ్ళు వేడినీళ్ళ పైపులోకి తోసుకుపోతాయి, వంటింట్లో కుళాయి తిప్పినా గోరువెచ్చనే. గీజర్ తప్పేమీ లేదు. గోడ నాబ్‌లు కట్టేస్తే సరిపోతుంది. బాత్రూమ్ తలుపు మీద కాగితం రాసి అంటించాను, ఎవరూ చదవలేదు.

ఇక సేఫ్టీ వాల్వ్. గీజర్ కింద చన్నీళ్ళు లోపలికి పోయే చోట ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, దాని పక్కన చిన్న ముక్కు. నీళ్ళు కాగేటప్పుడు వ్యాకోచిస్తాయి కాబట్టి ఆ ముక్కులోంచి చుక్కలు పడటం మామూలే. స్విచ్ ఆపి చాలాసేపయినా, నీళ్ళు చల్లారినా కారుతూనే ఉంటే మాత్రం వాల్వ్‌లో నలుసో ఉప్పో ఇరుక్కుందని అర్థం. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ప్రెషర్ అని లెక్క. మా మిద్దె మీది ట్యాంకు నుంచి బాత్రూమ్ దాకా అందులో సగం ఎత్తు కూడా ఉండదు. అలాంటి ఇంట్లో ఎక్కువ ప్రెషర్ వల్ల వాల్వ్ కారే అవకాశం తక్కువ. వాల్వ్ మార్చాలంతే. కారుతోంది కదా అని ఆ ముక్కుకి ఎం-సీల్ పెట్టి మూసేసినవాళ్ళని మా వీధిలోనే చూశాను. వేడి చాలినంత కాగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కూడా పాడైన రోజున ఆ ఆవిరికి బయటికి దారుండదు, ట్యాంకే పగలాలి.

వీటన్నిటి మధ్యా నాకు అనుమానం తెప్పించింది చప్పుడు. స్విచ్ వేసిన కాసేపటికి గీజర్ లోపల టపటపమని, గులకరాళ్ళు దొర్లినట్టు. మాకు వారంలో కొన్ని రోజులు మున్సిపాలిటీ నీళ్ళు, మిగతాదంతా బోరు. ఆ బోరు నీళ్ళ సంగతి స్టీలు బకెట్ చూస్తేనే తెలుస్తుంది, లోపలంతా తెల్లటి గార. అదే గార ఎలిమెంటుకీ పడుతుంది. నీళ్ళు కాగే కొద్దీ అందులో కరిగి ఉన్న కాల్షియం సున్నంలా విడిపోయి వేడిగా ఉన్నచోటే అతుక్కుంటుంది. ఆ పొర కింద చిక్కుకున్న నీళ్ళు మరిగి ఆవిరై తన్నుకొస్తాయి, ఆ చప్పుడే మనం వినేది. వినగానే ఏదో పేలిపోతుందని టెన్షన్ పడాల్సిందేమీ లేదు గానీ, ఎలిమెంటు తన వేడిని నీళ్ళకి సరిగ్గా ఇవ్వలేక తనే కాలిపోతూ ఉంటుంది. సర్వీసుకి పిలవాలి అనుకుంటూనే ఉన్నాను. ఈలోపు మదనపల్లె నుంచి చుట్టాలు దిగారు, ఆ తెల్లవారుజామునే ఇల్లంతా చీకటైంది.

గీజర్ వేసిన పది నిమిషాలకి కరెంటు పోయింది. బయట వీధి దీపం వెలుగుతోంది, ఎదురింట్లో లైటు ఉంది. ఫోన్ టార్చ్ వేసుకుని డీబీ, అంటే ఇంటి మెయిన్ స్విచ్‌లుండే పెట్టె, తెరిచి చూశాను. ఇక్కడ ఏ స్విచ్ పడిపోయిందో చూడటం చాలా ముఖ్యం, మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న అదే. వరసగా ఉండే చిన్నవి ఎంసీబీలు. అవి ఎక్కువ కరెంటు లాగినప్పుడో, షార్ట్ అయినప్పుడో పడతాయి. వాటి పక్కనే కాస్త వెడల్పుగా, టెస్ట్ అని బటన్ ఉన్నది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని అది చూసుకుంటూ ఉంటుంది. ఇళ్ళల్లో పెట్టేదానికి 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, పడిపోతుంది. పడింది అదే. అంటే కరెంటు ఎక్కడో నేలలోకి దిగుతోంది.

గీజర్ స్విచ్ ఆపేసి ఆర్‌సీసీబీ ఎత్తాను. లైట్లు వచ్చాయి, నిమిషం తిరక్కుండానే మళ్ళీ పడింది. గీజర్ స్విచ్ ఆపే ఉంది కదా, మరి ఇదెందుకు పడింది? ఇంకేదో వైరు పోయిందేమో అనిపించింది. చేతులు పొడిగా తుడుచుకుని, మెయిన్ ఆపి, గీజర్ ప్లగ్ సాకెట్‌లోంచి పూర్తిగా పీకేసి మళ్ళీ ఎత్తాను. ఈసారి నిలబడింది. ఫ్యాను, ఫ్రిజ్, మోటారు అన్నీ వేసి చూశాను, కదల్లేదు. ఇక ఆ గీజర్ జోలికి పోలేదు. గ్యాస్ స్టవ్ మీద అత్త అండా ఎక్కించింది, మదనపల్లె వాళ్ళు చెంబుల లెక్కన పోసుకుని కొండకి బయల్దేరారు.

పొద్దున కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే సీజన్ కదా, రెండు మూడు రోజులు పడుతుందన్నారు. ట్యాంకు వారంటీ ఇంకా ఉంది, ఎలిమెంటుది అయిపోయింది. ఆగడం కుదరదని తెలిసినవాళ్ళ ద్వారా ఒక కరెంటాయన్ని పిలిపించాను. ఆయన గీజర్ మూత కూడా విప్పలేదు. డీబీ దగ్గర నిలబడి, "ఈ ఆర్‌సీసీబీ వీక్ అయిపోయిందక్కా. గీజర్ లైను దీన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తా, ఇంక ట్రిప్ కాదు" అన్నాడు.

ట్రిప్ కాదు, నిజమే. గీజర్ మామూలుగానే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. దాని ఎంసీబీ 16 ఆంపియర్లది. మధ్యలో 30 మిల్లీ ఆంపియర్లు ఎటు పోయినా ఎంసీబీకి లెక్కలోకే రాదు. తడి కాళ్ళతో కుళాయి పట్టుకున్న మనిషికి మాత్రం ఆ కరెంటే ప్రాణం మీదికి తెస్తుంది. ఆయనతో వాదన పెట్టుకోలేదు. వచ్చినందుకు డబ్బులిచ్చి పంపించేశాను. ఊళ్ళో ఇలా లైను తప్పించి నడుపుతున్న గీజర్లు ఇంకెన్ని ఉన్నాయో అని ఆ రోజంతా అదే ఆలోచన.

లీలామహల్ సర్కిల్ దగ్గర గీజర్ల స్పేర్లు అమ్మే షాపులో అడిగితే ఇంకొక మెకానిక్ నంబరిచ్చారు. ఫోన్‌లో అతనికి నేను చెప్పింది ఇంతే: పడేది ఆర్‌సీసీబీ, మొదట నీళ్ళు కాగాకే పడింది, ఇప్పుడు స్విచ్ ఆపినా పడుతోంది, ప్లగ్ పీకితే నిలుస్తోంది, చాలా రోజుల నుంచి లోపల చప్పుడుంది, నీళ్ళు బోరువి. "ఎలిమెంటు తెచ్చేస్తానక్కా, మోడల్ నంబరు ఫోటో తీసి పంపండి" అన్నాడు. గీజర్ పక్కన అంటించి ఉండే స్టిక్కర్ ఫోటో పంపాను. అలా చేయడం వల్ల సామాను కోసం అతను మళ్ళీ షాపుకి తిరిగే పని తప్పింది.

స్విచ్ ఆపినా ఎందుకు పడుతోందని రాగానే అడిగాను. "స్విచ్చి ఫేజుని మాత్రమే కోస్తుందక్కా. న్యూట్రల్ వైరు గీజర్‌కి తగులుకునే ఉంటుంది. ఎలిమెంటు పగిలితే ఆ న్యూట్రల్ నీళ్ళల్లోకి, ఎర్త్‌లోకి కలిసిపోతుంది. మీ ఫ్రిజ్ కరెంటు కొంత ఆ దారిన పోతా ఉంటే ఆర్‌సీసీబీ ఊరుకుంటుందా?" అన్నాడు. ఇది అందరికీ తెలియాల్సిన విషయం అనిపించింది. గీజర్‌కి స్విచ్ ఆపడం వేరు, ప్లగ్ తీయడం వేరు.

మెయిన్ ఆపించి, నీళ్ళ వాల్వ్ కట్టి, ట్యాంకు ఖాళీ చేశాడు. కింది మూత విప్పి మీటరు పెట్టాడు. ఎలిమెంటు రెండు పిన్నుల మధ్య 26 ఓమ్స్ చూపించింది, 2000 వాట్లదానికి అంతే ఉండాలట. అందుకే నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. ఒక పిన్నుకీ గీజర్ బాడీకీ మధ్య పెడితే అసలేమీ చూపించకూడదు, చూపించింది. అక్కడికి రోగం తేలిపోయింది.

తర్వాత నట్లు విప్పి ఎలిమెంటు బయటికి లాగాడు. నేను సన్నటి రాగి గొట్టం ఊహించుకున్నాను. వచ్చింది వేలెడు మందాన తెల్లటి పెచ్చులు కట్టిన ఒక కర్ర. స్క్రూడ్రైవర్ వెనక వైపుతో కొడితే పెచ్చు ఊడి కింద రాగి కనిపించింది, వంపు దగ్గర నల్లగా కాలి, గోరు పట్టేంత చీలిక. వేడెక్కితే ఆ చీలిక తెరుచుకుంటుంది, కరెంటు బయటికి రాకుండా గొట్టం లోపల నింపిన పొడిని నీళ్ళు తడుపుతాయి, అక్కడ్నుంచి కరెంటు బాడీలోకి. మొదట్లో పది నిమిషాలు ఆగి ట్రిప్ అవడానికి కారణం ఇదే. ట్యాంకు అడుగు నుంచి కిందికి రాలిన సున్నం ప్లాస్టిక్ మగ్గు నిండింది. అత్త వచ్చి చూసి, "ఈ నీళ్ళనేనా మనం పోసుకునేది!" అని ఒక మాటనేసి పోయింది.

ఎలిమెంటు పక్కనే ఉండే యానోడ్ రాడ్ కూడా చూపించాడు. మెగ్నీషియంది. ట్యాంకు ఇనుముకి పట్టాల్సిన తుప్పుని తను తీసుకుని అరిగిపోవడమే దాని పని. మాది లోపలి తీగ ఒక్కటే మిగిలి ఉంది. ఇంకో ఏడాది అలాగే వదిలేస్తే ట్యాంకు చిల్లుపడేదట. ట్యాంకు చిల్లుపడితే ఇక అతుకులుండవు, గీజరే మార్చాలి. వేడినీళ్ళు మాత్రమే తుప్పు రంగులో వస్తుంటే ఈ రాడ్ అయిపోయిందని అనుమానించొచ్చు. చన్నీళ్ళు కూడా అదే రంగులో వస్తే అది పైపుల సంగతి.

కొత్త ఎలిమెంటు ఇంకోలాయ్ అనే మిశ్రమ లోహంది వేయమన్నాను, ఉప్పు నీళ్ళకి రాగి కంటే అదే ఆగుతుందని అతనే చెప్పాడు. గాస్కెట్, యానోడ్, సేఫ్టీ వాల్వ్ కూడా మార్చాడు. కూలీతో కలిపి రెండు వేల పైచిలుకు అయింది. వెళ్ళబోతూ ఎర్త్ కూడా చూడమని అడిగాను. మెయిన్ దగ్గర, ఆర్‌సీసీబీకి ముందు, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెడితే మసకగా వెలిగింది. కాంపౌండ్‌లో ఎర్త్ గుంత మీద పూలకుండీలు పేర్చి ఉన్నాయి, కింద మట్టి ఎండిపోయి పెళుసుగా ఉంది. ఉప్పు వేసి బిందెల కొద్దీ నీళ్ళు పోశాక బల్బు బాగా వెలిగింది. ఎండాకాలంలో రేణిగుంట ఎండలకి ఇంకా ఆరిపోతుంది కాబట్టి ఇప్పుడు పూలమొక్కలతో పాటు దానికీ నీళ్ళు పోస్తున్నాను.

మొత్తం బిగించాక అతను స్విచ్ వేయలేదు. ముందు వేడినీళ్ళ కుళాయి తెరిచాడు. బుసబుసమని గాలి పోయి, నీళ్ళు ధారగా వచ్చేదాకా ఆగి అప్పుడు వేశాడు. ట్యాంకు నిండకుండా వేస్తే కొత్త ఎలిమెంటు నిమిషాల్లో మాడుతుంది. థర్మోస్టాట్ 75 దగ్గరుంటే 60కి తిప్పాడు. వేడి పెరిగే కొద్దీ సున్నం తొందరగా పడుతుందని కారణం. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడాలి, నెలకోసారి నొక్కి చూసుకోమన్నాడు.

ఇప్పుడు నా వరకు గీత ఎక్కడంటే మూత దగ్గర. మూత బయట ఉన్నవన్నీ నేనే చూసుకుంటాను: వోల్టేజ్, నాబ్‌లు, మిద్దె మీది ట్యాంకులో నీళ్ళున్నాయా, షవర్ జల్లెడలో ఇరుక్కున్న పెచ్చులు (నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెడితే పోతాయి), ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయా అని. ప్లగ్ వేడెక్కి వాసన వస్తే సాకెట్ లూజు, అది ఎలక్ట్రీషియన్ పని. ఇండికేటర్ వెలిగి నీళ్ళు అసలు కాగకపోతే ఎలిమెంటో థర్మోస్టాటో, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌటో పోయినట్టు. కటౌట్‌కి లోపల చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది. కానీ నీళ్ళు మరీ సలసలా కాగితేనే అది పడేది, ఎందుకు పడిందో తేలకుండా నొక్కకూడదు. ఇక కుళాయి ముట్టుకుంటే జివ్వుమన్నా, బాడీ కింది నుంచి నీళ్ళు కారినా, ఆర్‌సీసీబీ పడినా మారుమాట లేదు, మెయిన్ ఆపి ప్లగ్ పీకి ఫోనే.

చిత్తూరులో మా తమ్ముడిది గ్యాస్ గీజర్. ఈ కథంతా విని "మా దాంట్లో కరెంటు గొడవే లేదక్కా" అన్నాడు. కరెంటు గొడవ లేదు నిజమే, దాని గొడవలు దానికున్నాయి. వెలగకపోతే చాలాసార్లు బ్యాటరీలు అయిపోయి ఉంటాయి, లేదంటే నీళ్ళ ప్రెషర్ చాలక గ్యాస్ తెరుచుకోదు. ఇవి ఎవరైనా చూసుకోవచ్చు. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తే మాత్రం వాడటం ఆపి మెకానిక్‌ని పిలవాలి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. అన్నిటికంటే భయపెట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన చిన్న బాత్రూమ్‌లో గ్యాస్ మండితే తలనొప్పి, కళ్ళు తిరగడం, తర్వాత లేచి తలుపు తీసే ఓపిక కూడా ఉండదు. వాడి గీజర్ సరిగ్గా అలాంటి బాత్రూమ్‌లోనే ఉంది. ఉన్న ఒక్క వెంటిలేటర్‌కీ దోమలొస్తున్నాయని అట్ట పెట్టి మూశారు.

ఆ అట్ట ఆ రోజే తీయించాను. సంక్రాంతి అయ్యాక పైపు పొడిగించుకుని గీజర్‌ని వెనక వసారాలోకి మార్చాడు. బ్యాటరీలు మాత్రం టీవీ రిమోట్‌వి అయిపోయినట్టే అయిపోయాక గుర్తొస్తాయి వాడికి.